ఏడో నంబరు

నాకు ఖాళీ గీతలంటే పడదు. మంథని నుంచి వచ్చి ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ని. రిజిస్టర్‌లో ఒక వరుస ఖాళీగా కనిపిస్తే అన్నంలో రాయి తగిలినట్టుంటుంది. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, క్రిస్టినా కథలో నా వంతు పాపం అక్కడే ఉంది.

2011 జూన్‌లో ఆమె మా పశువుల దవాఖానకు పని నేర్చుకోవడానికి వచ్చింది. వాళ్ల నాన్న యోబు వెంటబెట్టుకుని వచ్చాడు. గనిలో ముప్పై ఏళ్లు బొగ్గు ఎత్తి రిటైరైన మనిషి, దగ్గుకు దగ్గుకు మధ్య మాట్లాడతాడు.

"సదాశివ సారూ, మా చిన్నబిడ్డ. పశువుల డాక్టర్ దగ్గర అసిస్టెంట్ కోర్సు చదువుతున్నది. ఆర్నెల్లు దవాఖానల పని చెయ్యాల్నట. చేతిరాత మాత్రం ముత్యాలే."

నిజంగా ముత్యాలే. గోదావరిఖనిలో వాళ్ల చర్చి నోటీసు బోర్డు మీద వారం వారం వాక్యం రాసేది ఆమేనట. ఆమెను చూసి నేను సంతోషించలేదు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లంతా వారం తిరక్కముందే పేడవాసన పడక మానేస్తారు. ఈమె మానలేదు. థర్మామీటర్‌కు దారం కట్టడం, ఆవు వెనక కాకుండా భుజం పక్కన నిలబడటం, ముక్కుతాడు ఎంత బిగువుగా పట్టుకోవాలో అంతే పట్టుకోవడం, అన్నీ నెల రోజుల్లో నేర్చుకుంది. తన్నులు కూడా తిన్నది. ఒకసారి కోడె కాలు తగిలి పిక్క నల్లగా కమిలితే, కుంటుతూనే వచ్చి బల్ల ముందు కూర్చుంది.

ఆ బల్ల దగ్గరి పనే ఆమెకు ప్రాణం. మా డాక్టర్ వేదిక గారి చెయ్యి భుజం దాకా ఆవు కడుపులో ఉంటుంది. కలం పట్టుకునే వీలుండదు. డాక్టర్ గారు చెప్తుంటే పక్కన నిలబడి ఒకరు రాయాలి. జబ్బు మొదలై మూడు రోజులని రైతు అంటే, అతని భార్య ఐదంటుంది. ఎవరేమన్నారో విడివిడిగా రాయాలి. తెలియనిది తెలియదనే రాయాలి. ఈ రాతపని నేర్పింది నేనే. మొదటి వారంలో క్రిస్టినా మూడు కేసులకు టైము రాయడం మరిచిపోయింది. పది మంది రైతుల ముందు అరిచాను.

"టైము లేని కేసు కేసే కాదు! చదువుకున్నదానివి, ఇది కూడా చెప్పాలా?"

ఆమె ముఖం మాడిపోయింది. మళ్లీ ఎప్పుడూ టైము వదల్లేదు. దాన్ని చూసుకుని నేను కొన్నాళ్లు మురిసిపోయాను కూడా.

ఆ సెప్టెంబర్‌లో సకల జనుల సమ్మె మొదలైంది. గనులు ఆగాయి, బస్సులు ఆగాయి, మేమూ తాళాలు వేసుకుని టెంట్ల కింద కూర్చున్నాం. తెలంగాణ వస్తుందని అందరం నమ్మిన రోజులు అవి. కానీ ఆ సమ్మె బదిలీ కార్మికుల నడుం విరిచింది. బొగ్గు కంపెనీలో కొత్తగా చేరినవాళ్లు ముందు బదిలీ కింద, అంటే రానివాళ్ల చోట, పని చేస్తారు. ఏడాదిలో ఇన్ని మస్టర్లని, అంటే ఇన్ని హాజర్లని, లెక్క ఉంటుంది. అవి నిండితేనే పర్మనెంట్. డిసెంబర్ ముప్పై ఒకటి దాటితే మళ్లీ మొదటినుంచి.

క్రిస్టినా బావ జాన్ ప్రసాద్ అలాంటి బదిలీ కార్మికుడు. అతని నాన్న ఎడ్వర్డ్ గనిలో చనిపోతే వచ్చిన ఉద్యోగం. క్రిస్టినా అక్క హన్నా అతని భార్య. అతని తల్లి సారవ్వ క్వార్టర్ వెనక రేకులు వేసి ఒక బర్రెను సాకేది. సమ్మె ఆగేసరికి జాన్ ప్రసాద్ లెక్క చాలా వెనకబడిపోయింది. నవంబర్ చివరికి వచ్చేసరికి పరిస్థితి ఏమిటంటే, ఏడాది ముగిసేలోపు ఒకే ఒక్క రోజు తప్పినా ఫరవాలేదు, రెండో రోజు తప్పితే ఏడాదంతా నీళ్లపాలు. హన్నా గోడకున్న చర్చి క్యాలెండర్ మీద ఒక్కో తేదీ ఎర్ర పెన్సిల్‌తో కొట్టేస్తూ వచ్చింది.

నవంబర్ ఇరవై మూడు, బుధవారం. పొద్దున పదికి కొంచెం ముందు హన్నా ఫోన్ చేసింది.

"క్రిస్టీ, బర్రె నోట్లెకెల్లి ఒక్కతీరు సొంగ కారుతున్నది. నీళ్లు పెడితె మూతి పెడుతది గని మింగుతలేదు. గొంతుల ఏందో ఇరికిందని అత్త అంటున్నది. మీ బావకు కబురు పంపిన."

క్రిస్టినా చెప్పింది విని వేదిక గారు చేతిలో పని ఆపేశారు.

"దాన్ని ఈమధ్య కుక్క కరిచిందా?"

కరిచింది. సమ్మె రోజుల్లో ఒక ఊరకుక్క కాలు పట్టుకుంది. దవాఖానకు తాళం ఉందని సారవ్వ సున్నం, పసుపు పెట్టి ఊరుకుంది. క్రిస్టినా ఆ మాట చెప్పగానే డాక్టర్ గారి ముఖం మారిపోయింది.

"పిచ్చికుక్క రోగం కావచ్చు. నోట్లో చెయ్యి పెట్టొద్దని చెప్పు. జల్ది."

క్రిస్టినా నాలుగుసార్లు ఫోన్ చేసింది. హన్నా ఎత్తలేదు. ఇద్దరూ స్కూటీ మీద వెళ్లారు. అక్కడ జరిగిందంతా తర్వాత ఆమె నాకు చెప్పింది. వాళ్లు చేరేసరికి పది ఇరవై. జాన్ ప్రసాద్ కుడి చెయ్యి మోచేతి దాకా బర్రె నోట్లో ఉంది. గొంతులో అడ్డం పడ్డదేమిటో వెతుకుతున్నాడు. పార పట్టే చెయ్యి, నిండా పగుళ్లే. ఆ చెయ్యి మీదుగా సొంగ కారుతోంది.

"చెయ్యి తీయండి!" అని డాక్టర్ గారు కేక పెట్టారు. అందరినీ దూరం జరిపి, కుళాయి కింద సబ్బుతో చేతులు కడుక్కోమన్నారు. తర్వాత బర్రె దగ్గరికి వెళ్తూ, "క్రిస్టినా, ఎవరెవరు ముట్టుకున్నరు, ఎవరెవరు పచ్చిపాలు తాగినరు, అందరి పేర్లు రాయి. ఏ టైముకు తాకినరో రాయి. ఒక్కరిని వదలకు. ఆ లిస్టు ప్రకారమే అందరికీ సూదులు. కంపెనీ దవాఖానకు కూడా ఒక కాపీ పోవాలె," అన్నారు.

క్రిస్టినా రాసింది. ఒకటి సారవ్వ. రెండు హన్నా. మూడు, నాలుగు పక్క క్వార్టర్ ఎల్లేశం, అతని భార్య. ఐదు, ఆరు పాలు పోయించుకునే బిక్షం, అతని కూతురు. ఏడు అని అంకె వేసి తలెత్తింది. జాన్ ప్రసాద్ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ ఆమెనే చూస్తున్నాడు. దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"క్రిస్టీ, నా పేరు రాయకు. నేనిప్పుడు గనిల ఉన్న."

ఫస్ట్ షిఫ్ట్‌లో అతని మస్టర్ పడింది. ఆ రోజు దింపే యంత్రం చెడి పదిదాకా ఎవరూ గని దిగలేదు, తలకు పెట్టుకునే దీపం తీసుకున్నాక కబురు అందింది. దీపాన్ని పోశం అనే దోస్తు చేతిలో పెట్టి గోడ పక్కనుంచి వచ్చేశాడు. పోశం రెండు దీపాలతో గని దిగాడు. కంపెనీ కాగితాల్లో జాన్ ప్రసాద్ ఆ నిమిషాన భూమి లోపల ఉన్నాడు. పది ఇరవైకి బర్రె దగ్గర ఉన్నాడని ఒక కాగితం కంపెనీ దవాఖానకు పోతే అతని ఉద్యోగమూ పోతుంది, పోశం ఉద్యోగమూ పోతుంది.

ఆ వాడలో అందరికీ ఈ సంగతి తెలుసు. ఎల్లేశం తల పక్కకు తిప్పుకున్నాడు. సారవ్వ నోట్లో కొంగు పెట్టుకుంది. ఎవరూ పేరెత్తలేదు. ఒకడి మస్టర్ కాపాడటం అక్కడ మంచితనం కింద లెక్క. గని మనుషుల బిడ్డ క్రిస్టినాకు అది ఎవరూ నేర్పక్కర్లేదు. ఏడు పక్కన ఏమీ రాయకుండా ఎనిమిది వేసి డాక్టర్ గారి పేరు, తొమ్మిది వేసి తాడు పట్టిన తన పేరు రాసింది.

సాయంత్రం ఆ లిస్టు రిజిస్టర్‌లోకి ఎక్కించి నా ముందు పెట్టింది. నా కళ్లు నేరుగా ఏడో నంబరు మీద పడ్డాయి.

"ఇదేంటి, ఖాళీ?"

"తప్పు పడ్డది సార్."

"తప్పు పడితే గీత కొట్టి సంతకం పెట్టు. అట్లా వదిలేస్తారా ఎవరైనా?"

స్కేలు పెట్టి ఎర్ర గీత కొట్టి, పక్కన సంతకం పెట్టింది. ముత్యాల చేతిరాత ఆ సంతకంలో వంకరపోయింది. నేను చూశాను. ఎందుకని అడగలేదు. వరుసలు సరిపోయాయి, నాకు అది చాలు.

బర్రె మూడో రోజు చచ్చిపోయింది. లిస్టులో ఉన్న ఎనిమిది మంది సర్కారు దవాఖానలో సూదుల లైన్లో నిలబడ్డారు. ఐదు సూదులు, ఇరవై ఎనిమిది రోజుల్లో. ఎవరైనా రాకపోతే నర్సమ్మ లిస్టు పట్టుకుని ఇంటికే వెళ్లేది. బిక్షం రెండో సూది ఎగ్గొడితే చెవి పట్టుకున్నంత పని చేసి లాక్కొచ్చింది. జాన్ ప్రసాద్ కోసం మాత్రం ఎవరూ వెళ్లలేదు. ఆమె లిస్టులో అలాంటి మనిషే లేడు.

క్రిస్టినా ఊరుకోలేదు. ఆదివారం చర్చి బయట అతన్ని పట్టుకుంది.

"బావా, సూది?"

"అయింది. మన ఆరెంపీ దగ్గర ఒకటి పొడిపిచ్చుకున్న."

"అది ఇనుప ముక్క గుచ్చుకుంటె ఏసే సూది బావా. అది కాదు. ఇది ఐదుసార్లు ఎయ్యాలె."

"సర్కారు దవాఖానల పొద్దుగాల్నే ఏస్తరు. నాది ఫస్ట్ షిఫ్ట్. లైన్ల నిలబడితె మస్టర్ పోతది. కంపెనీ దవాఖానకు పోతె ఎప్పుడు, ఎక్కడ అంటరు. ఏం చెప్పాలె?"

"ప్రైవేట్ల ఏయించుకో."

"ఆ సూదికి జరమొస్తదంటున్నరు పిల్లా. జరమొస్తె రెండు దినాలు పంటే నా సంవత్సరం పాయె. నన్ను కరవనన్న కరవలె గదా. డిసెంబర్ దాటనీ. రెండో తారీకు సోమారం పొద్దుగాల నీతోనే వస్త."

ఆమె వెళ్లి హన్నాతో చెప్పింది. హన్నా క్యాలెండర్ వైపు చూసి, "ఇంకెన్ని దినాలు క్రిస్టీ, డిసెంబర్ దాటనీ," అన్నది. అదే మాట ఆ ఇంట్లో నెల రోజులు నడిచింది. క్రిస్టినా మూడో సూది, నాలుగో సూది, ఐదో సూది వేయించుకుంది. ప్రతిసారీ లైన్లో అక్క ముందు, సారవ్వ వెనక. డాక్టర్ గారికి చెప్పేయాలని రెండుసార్లు గది దాకా వెళ్లి వెనక్కి వచ్చిందట. చెప్తే ఆవిడ లిస్టు మార్చి పంపుతారు. పోశం ముఖం గుర్తొచ్చేదట.

క్రిస్మస్ అయిన మూడో రోజు జాన్ ప్రసాద్ మా ఆఫీసుకు వచ్చాడు. నాకు అరిసెల డబ్బా ఇచ్చాడు. నవ్వు ముఖం మనిషి.

"ఇంక మూడు మస్టర్లు సార్. కొత్త సంవత్సరం కొత్త ఉద్యోగమే అనుకోండ్రి."

మాట్లాడుతున్నంతసేపూ కుడి చెయ్యి రుద్దుకుంటున్నాడు. ఏమైందని అడిగితే, "తిమ్మిర్లు సార్. పార పట్టి పట్టి," అన్నాడు. క్రిస్టినా రిజిస్టర్‌లోంచి తలెత్తి ఆ చేతిని చూసింది. మళ్లీ తల దించుకుని రాసుకుంది. నేను అరిసె తిన్నాను. బాగుంది కూడా.

డిసెంబర్ ముప్పై ఒకటి శనివారం నాడు అతని ఆఖరి మస్టర్ పడింది. హన్నా క్యాలెండర్‌లో ఆఖరి గడి కొట్టేసింది.

తెల్లారితే కొత్త సంవత్సరం, ఆదివారం. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇస్తున్నారు. జాన్ ప్రసాద్ తెల్లచొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. రొట్టె నోట్లో పెట్టుకున్నాడు. చిన్న గిన్నె పెదాల దగ్గరికి తెచ్చేసరికి గొంతు ఎగిరిపడింది. గిన్నె చేతిలోంచి జారి ద్రాక్షరసం చొక్కా నిండా పడింది. ప్రార్థనలో మనసు కరిగిందనుకున్నారు చుట్టుపక్కలవాళ్లు. ఎవరో నీళ్ల గ్లాసు తెచ్చారు. గ్లాసు చూసి అతను వెనక్కి జరిగాడు.

"సార్, అప్పుడు నాకు భయం కాలేదు," అని క్రిస్టినా తర్వాత నాకు చెప్పింది. "ఏడుపు కూడా రాలె. నా తలకాయల కేసు షీట్ కనిపించింది. నీళ్లు మింగలేకపోవడం, ఉంది. సొంగ, ఉంది. తాకిన చెయ్యిల తిమ్మిరి, ఉంది. టైము, పదకొండు పది. గట్లనే రాసుకుంట కూసున్న."

అదే రోజు హైదరాబాద్ తీసుకెళ్లారు. అక్కడి దవాఖానలో డ్యూటీ డాక్టర్, కుక్క కరిచిందా అని అడిగాడు. హన్నా లేదన్నది. పిల్లి? లేదు. సారవ్వ గోడకు కూలబడింది. అప్పుడు క్రిస్టినా ముందుకు వచ్చి చెప్పింది.

"బర్రె. నవంబర్ ఇరవై మూడు, పొద్దున పది ఇరవై. కుడి చెయ్యి, మోచేతి దాకా. చేతికి పగుళ్లున్నయి. అదే బర్రెను తాకినోళ్లందరికి సూదులైనయి. ఈయనకు కాలేదు."

డాక్టర్ రాస్తూ రాస్తూ ఆగాడు. "ఇంత వివరంగా తెలుసు. ఆ రోజు ఎక్కడా రాయలేదా?"

"రాయలేదు. రాసేదాన్ని నేనే."

జాన్ ప్రసాద్ బుధవారం పోయాడు. ఫిబ్రవరిలో పర్మనెంట్ అయినవాళ్ల పేర్లు గని బోర్డు మీద పెడితే అందులో అతని పేరు ఉంది. పోశం ఆ కాగితం పట్టుకుని సారవ్వ దగ్గరికి వెళ్లాడు, కానీ ఇవ్వలేక గుమ్మం దగ్గరే కూర్చుండిపోయాడట.

బావ పోయిన పదో రోజు నుంచే క్రిస్టినా పనిలోకి వచ్చింది, సమ్మెలో పోయిన రోజులు ఇంకా నింపాలి. ఏడుస్తుందని నేను మంచినీళ్లు దగ్గర పెట్టుకున్నాను. ఏడవలేదు. థర్మామీటర్ విదిలించింది, దారం కట్టింది, ఆవు దగ్గరికి వెళ్లింది. నన్ను చూస్తే చూసినట్టుండేది కాదు. ఆ మౌనం నాకు కోపం తెప్పించేది. తిట్టినా బాగుండును, నాలుగు మాటలన్నా పడేవాణ్ని. ఒక సాయంత్రం పాత రిజిస్టర్ తెచ్చి, ఆ పేజీ తెరిచి, జరిగిందంతా మొదటినుంచి చదివి వినిపించినట్టు చెప్పింది.

"సార్, ఏడో నంబరు నింపుత."

దేవుడు నన్ను క్షమించాలి, నేనేమన్నానో చెప్తున్నాను. "గీత కొట్టిన వరుసలో మళ్లీ రాయడానికి రూలు లేదమ్మా," అన్నాను.

ఆమె తల ఊపింది. పేజీ మూయకుండానే అడిగింది. గొంతులో కోపం లేదు, ఏమీ లేదు.

"ఆ రోజు టైము రాయకుంట ఒట్టి పేరు రాసి తెస్తె, మీరు ఒప్పుకునేటోళ్లా సార్?"

టైము లేకపోతే అతను పొద్దున తాకాడో, షిఫ్ట్ దిగాక పాలు తాగాడో కాగితం చెప్పేది కాదు. పేరు చాలు, సూది పడేది. అంత చిన్న సందు ఉంది అక్కడ. ఆమెకు ఆ సందు కనపడకుండా అందరి ముందు అరిచి మూసింది నేను.

"ఒప్పుకునేవాణ్ని కాదు," అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

ఆమె రిజిస్టర్ మూసి బీరువాలో పెట్టింది.

కోర్సు పూర్తయింది, సర్టిఫికెట్ వచ్చింది. పశువుల దవాఖానల్లో కొలువులు మాత్రం పడలేదు. టౌన్లో ఒక ప్రైవేట్ డాక్టర్ తన పక్కన కూర్చుని రోగి చెప్పింది, తను చెప్పింది రాసే మనిషి కావాలంటే అక్కడ చేరింది. మనుషులు పశువుల కంటే ఎక్కువ దాస్తారని ఒకసారి అన్నది నాతో. నవ్వుతూ అనలేదు.

2014 జూన్ రెండున నేను షుగర్ చూపించుకోవడానికి అక్కడికి వెళ్లాను. తెలంగాణ వచ్చిన రోజు. బయట డప్పులు, గులాల్, టపాకాయలు. రిటైరైన నా నెత్తిన కూడా ఎవరో ఇంత గులాల్ చల్లారు. లోపల క్రిస్టినా బల్ల దగ్గర కూర్చుని రాస్తోంది. నన్ను చూసి, "కూసోండ్రి సార్," అన్నది. ముఖంలో మార్పు లేదు. రెండున్నరేళ్లుగా అదే ముఖం.

నా ముందు కొమురెల్లి అనే గని మనిషి ఉన్నాడు. పిక్కకు గుడ్డ కట్టుకుని వచ్చాడు. కుక్క కరిచింది.

"ఎప్పుడు కరిచింది?" అని డాక్టర్ అడిగాడు.

కొమురెల్లి తలుపు వైపు చూశాడు. నా వైపు చూశాడు. "శనారం... సెకండ్ షిఫ్ట్..." అని ఆగిపోయాడు. "సార్, సూది ఎయ్యుండ్రి గని, నా పేరు గిట్ల రాయకుండ్రి. నేనప్పుడు డ్యూటీల..."

క్రిస్టినా కలం ఆగింది. డాక్టర్ ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆయన్ని ఆపింది. అప్పటిదాకా ఎండిపోయినట్టున్న ఆ గొంతు మొదటిసారి పగిలింది.

"కాకా, టైము రాయను. తారీకు రాయను. ఎక్కడున్నవో నాకొద్దు. పేరు చెప్పు."

అతను మళ్లీ తలుపు వైపు చూశాడు.

"పేరు చెప్పు కాకా, నీ కాళ్లు మొక్కుత."

చెప్పాడు. ఆమె రాసింది. రాస్తుంటే కన్నీళ్లు కాగితం మీద పడ్డాయి. తుడుచుకోకుండానే ఇంటి నంబరు అడిగింది, ఫోన్ నంబరు అడిగింది, మళ్లీ ఎల్లుండి రావాలని, రాకపోతే తానే ఇంటికి వస్తానని చెప్పింది. తర్వాత రిజిస్టర్‌ను నా వైపు తిప్పింది. టైము గడి ఖాళీగా ఉంది.

"సరిగ్గనే ఉన్నదా సార్?"

"సరిగ్గానే ఉందమ్మా," అన్నాను.